డిపార్ట్‌మెంట్ షేర్డ్ డ్రైవ్: ఏ ఫోల్డర్ ఎవరికి, పర్మిషన్లు ఎలా పెట్టాలి

"ఫోల్డర్ కనబడుతోంది, తెరిస్తే యాక్సెస్ డినైడ్ అంటోంది." "నిన్నటిదాకా సేవ్ అయిన ఫైల్ ఈరోజు కావట్లేదు." "కొత్త గెస్ట్ ఫ్యాకల్టీ పేరు యాడ్ చేశాం, ఆయనకు మాత్రం రావట్లేదు." సెమిస్టర్ మొదలైన ప్రతిసారీ యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్లలో వినబడే ప్రశ్నలివి. విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే నాక్ బృందం వస్తోందంటే ఇక చెప్పక్కర్లేదు. అందరూ ఒకే ఫోల్డర్ మీద పడతారు, ఎవరికి తోచిన టిక్కు వాళ్లు పెడతారు.

పర్మిషన్ ఇవ్వడం రెండు నిమిషాల పని. ఆరు నెలల తరువాత ఇంకొకరు చూసినా ఎవరికి ఏముందో అర్థమయ్యేలా ఇవ్వడమే అసలు పని. ఈ గైడ్ అంతా దాని కోసమే.

ఇక్కడ చెప్పేది విండోస్ ఫైల్ సర్వర్ గురించి. అంటే యాక్టివ్ డైరెక్టరీ (యూనివర్సిటీ అకౌంట్లన్నిటినీ "డొమైన్" పేరుతో ఒకే చోట నడిపే విండోస్ ఏర్పాటు) లాగిన్‌తో తెరుచుకునే, మీ కంప్యూటర్‌లో ఎస్ డ్రైవ్‌గానో జడ్ డ్రైవ్‌గానో కనబడే షేర్. లినక్స్ సర్వర్ వాడే ల్యాబుల కోసం చివర్లో కొంచెం ఉంది. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్‌ల పద్ధతి వేరు, వాటికి ఇది పనికిరాదు.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- యూనివర్సిటీ డొమైన్‌లో చేర్చిన విండోస్ కంప్యూటర్. మ్యాక్‌లో షేర్ తెరుచుకుంటుంది, ఫైళ్లతో పని జరుగుతుంది. కానీ పర్మిషన్లు మార్చడానికి మ్యాక్ వాడకండి. గెట్ ఇన్ఫోలో కనబడే వివరాలు సర్వర్ మీద ఉన్నదాన్ని సరిగ్గా చూపించవు.
- ఆ ఫోల్డర్ మీద మీకు ఫుల్ కంట్రోల్. ఉందో లేదో తెలుసుకోవడానికి ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, సెక్యూరిటీ ట్యాబ్, ఎడిట్ నొక్కండి. యాడ్ బటన్ నొక్కనిస్తే అధికారం ఉన్నట్టే. పై ఫోల్డర్ నుంచి దిగివచ్చిన టిక్కులు ఎలాగూ బూడిదరంగులో ఉంటాయి, వాటిని చూసి కంగారు పడొద్దు.
- గ్రూపుల పేర్లు, వాటిలో మనుషుల్ని చేర్చే అధికారం ఎవరి దగ్గరుందో ఆ వివరం. చాలా చోట్ల ఇది కంప్యూటర్ సెంటర్ చేతిలో ఉంటుంది.
- మామూలు హక్కులు మాత్రమే ఉన్న ఇంకో లాగిన్, లేదా పది నిమిషాలు పక్కన కూర్చోగల సహోద్యోగి. ఇది లేకుండా మొదలుపెట్టొద్దు. ఎందుకో సరిచూసుకునే చోట తెలుస్తుంది.

తప్పనిసరిగా తెలియాల్సినంత సిద్ధాంతం

నెట్‌వర్క్ మీద ఉన్న ఫోల్డర్‌కు రెండు కాపలాలు. ఒకటి షేర్ పర్మిషన్, రెండోది సెక్యూరిటీ ట్యాబ్‌లో కనబడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పర్మిషన్. అపార్ట్‌మెంట్ గేటూ ఫ్లాట్ తలుపూ లాంటివి: రెండూ దాటితేనే లోపలికి. షేర్‌లో రీడ్ మాత్రమే ఉంటే సెక్యూరిటీలో మీరు ఫుల్ కంట్రోల్ ఇచ్చినా సేవ్ కాదు. షేర్ పర్మిషన్ సర్వర్ నిర్వాహకులే మార్చగలరు. మీ చేతిలో ఉండేది రెండోదే.

పర్మిషన్లలో రోజువారీ అవసరానికి రెండే చాలు. చదవడానికి "రీడ్ అండ్ ఎగ్జిక్యూట్", పనిచేయడానికి "మాడిఫై". మాడిఫైలో చదవడం, రాయడం, డిలీట్ చేయడం అన్నీ ఉంటాయి. ఫుల్ కంట్రోల్ ఇస్తే అదనంగా పర్మిషన్లు మార్చే హక్కు, ఓనర్‌షిప్ తీసుకునే హక్కు వస్తాయి. అవి ఫోల్డర్ బాధ్యుడికి తప్ప ఎవరికీ అక్కర్లేదు. హెచ్‌ఓడీ గారికి కూడా.

ఇంకొకటి ఇన్‌హెరిటెన్స్. పై ఫోల్డర్‌లో పెట్టిన పర్మిషన్ కింది ఫోల్డర్లకూ ఫైళ్లకూ దానంతటదే దిగుతుంది. అడ్డుకున్న చోట ఆగిపోతుంది.

దశ 1. ముందు కాగితం మీద పట్టిక రాయండి

మౌస్ ముట్టుకోకముందే చేయాల్సిన పని. ఒక ఈసీఈ డిపార్ట్‌మెంట్ షేర్ ఇలా ఉందనుకుందాం:

- బోధన: అధ్యాపకులందరూ మార్చవచ్చు, రీసెర్చ్ స్కాలర్లు చదవవచ్చు.
- నాక్: ఏడు క్రైటీరియాలకు ఏడు ఉపఫోల్డర్లు. అధ్యాపకులందరూ చదవవచ్చు, కమిటీ సభ్యులు మార్చవచ్చు.
- ఆఫీసు: హెచ్‌ఓడీ, ఆఫీసు సిబ్బంది మాత్రమే.
- ప్రశ్నపత్రాలు: పరీక్షల ఇన్‌ఛార్జి, హెచ్‌ఓడీ మాత్రమే.
- ల్యాబ్ సమర్పణలు: విద్యార్థులు వేయవచ్చు, అధ్యాపకులు తీసుకోవచ్చు.

ఇక్కడే ఒక నియమం పెట్టుకోండి: ప్రత్యేక పర్మిషన్లు మొదటి స్థాయి ఫోల్డర్లకే, మహా అయితే రెండో స్థాయికి. బోధన ఫోల్డర్‌లో మూడో ఏడాదిలో మైక్రోప్రాసెసర్స్‌లో "ఇంటర్నల్ మార్కులు" అనే ఫోల్డర్‌ను మాత్రం ఇద్దరికే కనబడేలా పెట్టాలనిపిస్తే, దాన్ని అక్కడ పెట్టొద్దు. పైకి తెచ్చి ప్రత్యేక ఫోల్డర్ చేయండి. నాలుగో స్థాయిలో పెట్టిన మినహాయింపు పెట్టిన మనిషికే వచ్చే ఏడాది గుర్తుండదు.

క్రైటీరియాకో కమిటీ ఉంది కాబట్టి నాక్‌లోని ఏడు ఫోల్డర్లకూ వేర్వేరు పర్మిషన్లు పెడదామని చాలామంది మొదలుపెడతారు. వద్దు. రెండో క్రైటీరియా వాళ్లకు ఐదో క్రైటీరియా డేటా కావాల్సి వస్తుంది, రాత్రి పదకొండింటికి ఫోన్లు వస్తాయి. కమిటీ మొత్తానికి ఒకే మాడిఫై ఇవ్వండి. పోగొట్టుకుంటామన్న భయం ఉంటే దానికి మందు బ్యాకప్, పర్మిషన్ కాదు.

దశ 2. గ్రూపులు అడిగి చేయించుకోండి

ఒక్కో ఫోల్డర్‌కు రెండు గ్రూపులు: చదివేవారిది ఒకటి, మార్చేవారిది ఒకటి. పేరు చూడగానే ఫోల్డరూ హక్కూ రెండూ తెలియాలి. "ఈసీఈ-నాక్-రీడ్", "ఈసీఈ-నాక్-మాడిఫై" అన్నట్టు.

మనుషుల పేర్లు నేరుగా ఫోల్డర్ మీద పెట్టొద్దు. బదిలీ అయిన మనిషి అకౌంట్ తీసేశాక సెక్యూరిటీ ట్యాబ్‌లో పేరు పోయి "ఎస్-1-5-21" అని మొదలయ్యే పొడవాటి అంకెల వరస మిగులుతుంది. అది ఎవరిదో అప్పుడు తేల్చడం కష్టం. పైగా కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా వేల ఫైళ్ల మీద పర్మిషన్ తిరగరాయాల్సి వస్తుంది. గ్రూపైతే సభ్యత్వం మారిస్తే సరి, ఫోల్డర్ జోలికే వెళ్లక్కర్లేదు.

హెచ్చరిక: "ఎవ్రీవన్", "ఆథెంటికేటెడ్ యూజర్స్", "డొమైన్ యూజర్స్" అనేవి చూడ్డానికి సిబ్బంది గ్రూపుల్లా కనిపిస్తాయి. డొమైన్‌లో తయారయ్యే ప్రతి అకౌంటూ మామూలుగా డొమైన్ యూజర్స్‌లో చేరిపోతుంది. విద్యార్థుల లాగిన్లూ అదే డొమైన్‌లో ఉంటే, డొమైన్ యూజర్స్‌కు ఇచ్చారంటే బీటెక్ మొదటి ఏడాది పిల్లలకు కూడా ఇచ్చినట్టే.

దశ 3. ఇప్పుడున్నది భద్రపరచుకోండి

మార్చబోయే ఫోల్డర్ మీద ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్ తెరిచి ఆ కిటికీని స్క్రీన్‌షాట్ తీయండి. ఉపఫోల్డర్లలో మినహాయింపులు ఉంటే వాటివీ తీయండి. కమాండ్ ప్రాంప్ట్ అలవాటున్నవారు ఐక్యాకల్స్ (icacls) కమాండ్‌లోని సేవ్ ఆప్షన్‌తో మొత్తం చెట్టు పర్మిషన్లను ఒక ఫైల్‌లోకి రాసుకోవచ్చు, అవసరమైతే రిస్టోర్ ఆప్షన్‌తో తిరిగి పెట్టవచ్చు. పర్మిషన్లకు కంట్రోల్ జడ్ లేదు.

దశ 4. ఇన్‌హెరిటెన్స్ ఆపడం

ఆఫీసు ఫోల్డర్ ఉదాహరణగా తీసుకుందాం. ఈ వరస మార్చొద్దు:

1. ఫోల్డర్ ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్.
2. "డిసేబుల్ ఇన్‌హెరిటెన్స్" నొక్కండి. రెండు ఎంపికలు వస్తాయి. మొదటిది "కన్వర్ట్", అంటే పైనుంచి వచ్చినవన్నీ ఇక్కడే సొంతంగా రాసి ఉంచడం. రెండోది "రిమూవ్", అంటే అన్నీ ఊడ్చేయడం. ఎప్పుడూ మొదటిదే. రెండోది నొక్కి అప్లై చేస్తే ఆ ఫోల్డర్ మీరే తెరవలేని పరిస్థితి రావచ్చు.
3. మీరున్న నిర్వాహక గ్రూపుకు ఫుల్ కంట్రోల్ ఉందో చూసుకోండి. లేకపోతే తీసివేతలు మొదలుపెట్టకముందే యాడ్ చేయండి.
4. ఇప్పుడు అక్కర్లేని గ్రూపుల్ని ఒక్కొక్కటిగా రిమూవ్ చేయండి. "సిస్టమ్", "అడ్మినిస్ట్రేటర్స్" రెండింటినీ ముట్టుకోవద్దు. సర్వర్ మీద నడిచే పనులు వాటి పేరుతోనే జరుగుతాయి.
5. "యూజర్స్" అనే ఎంట్రీ మిగిలిందేమో చూడండి. కన్వర్ట్ చేశాక కొత్త గ్రూపును చేర్చి, ఈ పాతదాన్ని తీయడం మరిచిపోవడం మహా మామూలు. చేర్చినవాళ్లకు అన్నీ బాగానే పనిచేస్తాయి కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు. కానీ ఫోల్డర్ ఊరందరికీ తెరిచే ఉంటుంది.

దశ 5. గ్రూపును చేర్చడం

1. అదే కిటికీలో యాడ్, తరువాత "సెలెక్ట్ ఎ ప్రిన్సిపల్" (ఇక్కడ ప్రిన్సిపల్ అంటే హక్కు పొందే యూజర్ లేదా గ్రూపు).
2. గ్రూపు పేరు టైప్ చేసి "చెక్ నేమ్స్" నొక్కండి. పేరు కింద గీత పడితే దొరికినట్టు. దొరక్కపోతే "లొకేషన్స్" చూడండి. అక్కడ మీ కంప్యూటర్ పేరు ఉంటే యూనివర్సిటీ డొమైన్‌కు మార్చండి.
3. టైప్ దగ్గర "అలౌ".
4. "అప్లైస్ టు" దగ్గర "దిస్ ఫోల్డర్, సబ్‌ఫోల్డర్స్ అండ్ ఫైల్స్".
5. మాడిఫై టిక్ పెడితే దాని కిందివన్నీ వాటంతటవే టిక్ అవుతాయి. ఓకే, అప్లై.

ఫైళ్లు వేలల్లో ఉంటే పచ్చటి గీత చాలాసేపు నడుస్తుంది. ఒక్కో ఫైల్ మీదా పర్మిషన్ విడిగా రాయాలి కాబట్టి అంత సమయం పడుతుంది. మధ్యలో ల్యాప్‌టాప్ మూసేస్తే సగం ఫైళ్లకు కొత్త పర్మిషన్, సగం వాటికి పాతది మిగులుతుంది. పెద్ద ఫోల్డర్లైతే సాయంత్రం, కేబుల్ పెట్టిన డెస్క్‌టాప్ నుంచి చేయండి. వైఫై మీద వద్దు.

మధ్యలో "ఫెయిల్డ్ టు ఎన్యూమరేట్ ఆబ్జెక్ట్స్" అని ఆగితే, ఆ సందేశంలో ఉన్న ఫైల్ మీద మీకు హక్కు లేదన్నమాట. పేరు రాసుకుని కంటిన్యూ నొక్కండి. అలాంటి ఫైళ్ల జాబితాను తరువాత సర్వర్ నిర్వాహకులకు ఇవ్వండి.

అదే కిటికీ అడుగున "రీప్లేస్ ఆల్ చైల్డ్ ఆబ్జెక్ట్ పర్మిషన్ ఎంట్రీస్..." అనే పొడవాటి గడి ఉంటుంది. దాన్ని టిక్ చేస్తే కింద ఉన్న అన్ని ప్రత్యేక పర్మిషన్లూ చెరిగిపోయి, పైది అన్నింటికీ దిగుతుంది. షేర్ పైస్థాయిలో ఇది నొక్కితే ప్రశ్నపత్రాల ఫోల్డర్ కూడా అందరికీ తెరుచుకుంటుంది. కింద మినహాయింపులు ఏవీ లేవని ఖాయంగా తెలిసిన ఫోల్డర్‌లో తప్ప దీన్ని వాడొద్దు.

దశ 6. లాగాఫ్ అయి మళ్లీ లాగిన్

గ్రూపులో కొత్తగా చేరిన మనిషికి వెంటనే యాక్సెస్ రాదు. ఏ ఏ గ్రూపుల్లో ఉన్నాడన్న జాబితా లాగిన్ సమయంలోనే తయారవుతుంది. స్క్రీన్ లాక్ తీస్తే చాలదు. ల్యాప్‌టాప్ మూత మూసి తెరిచినా చాలదు. సైనవుట్ చేసి మళ్లీ లాగిన్ అవ్వాలి. ఇంటి నుంచి వీపీఎన్‌తో పనిచేసేవారు ఒకసారి క్యాంపస్ నెట్‌వర్క్ మీద లాగిన్ అయితే గొడవ ఉండదు. "యాడ్ చేశాం గానీ రావట్లేదు" అనే ఫిర్యాదుకు ముందుగా చూడాల్సింది ఇదే.

ఎడిట్ చేయొచ్చు గానీ డిలీట్ చేయకూడదు: ఇది కుదురుతుందా?

ప్రతి డిపార్ట్‌మెంట్ అడుగుతుంది. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లకు కుదరదనే అనుకోండి.

వర్డ్ ఫైల్‌ను సేవ్ చేసేటప్పుడు ఉన్న ఫైల్ మీదే రాయదు. పక్కన తాత్కాలిక ఫైల్ ఒకటి తయారుచేసి, అందులో రాసి, పాతదాన్ని తప్పించి, కొత్తదానికి పాత పేరు పెడుతుంది. డిలీట్ హక్కు లేకపోతే చివరి మెట్టు దగ్గర ఆగిపోతుంది. వాడేవాళ్లకు సేవ్ కాలేదన్న సందేశం వస్తుంది, ఫోల్డర్‌లో టీఎంపీ ఫైళ్లు పేరుకుపోతాయి. ఎక్సెల్ అయితే ఎక్స్‌టెన్షన్ లేకుండా, అర్థంలేని ఎనిమిది అక్షరాల పేర్లతో ఫైళ్లు వదులుతుంది. మీ ఫోల్డర్‌లో అలాంటివి కుప్పగా కనబడితే ఎవరో డిలీట్ టిక్ తీసేశారేమో చూడండి.

నిజానికి చాలాసార్లు భయం డిలీట్ గురించి కాదు. ఎవరో మౌస్ జారి నాక్ ఫోల్డర్‌ను లాగి బోధనలో పడేస్తారు, పొద్దున్నే అందరూ "ఫోల్డర్ మాయమైంది" అంటారు. దీన్ని ఆపవచ్చు. ఒకే గ్రూపుకు రెండు ఎంట్రీలు పెట్టండి:

1. అప్లైస్ టు "దిస్ ఫోల్డర్ ఓన్లీ". "షో అడ్వాన్స్‌డ్ పర్మిషన్స్" నొక్కి, రీడ్ అండ్ ఎగ్జిక్యూట్‌కు చెందిన టిక్కులతో పాటు "క్రియేట్ ఫైల్స్", "క్రియేట్ ఫోల్డర్స్" టిక్ చేయండి. డిలీట్ వద్దు.
2. అప్లైస్ టు "సబ్‌ఫోల్డర్స్ అండ్ ఫైల్స్ ఓన్లీ". మాడిఫై.

ఇలా పెడితే లోపల అన్ని పనులూ సాగుతాయి. నాక్ ఫోల్డర్‌నే జరపడం, దాని పేరు మార్చడం మాత్రం కుదరదు. అయితే నాక్ ఫోల్డర్‌కు పైనున్న ఫోల్డర్ మీద వాళ్లకు ఫుల్ కంట్రోల్ ఉండకూడదు, ఉంటే ఇదంతా వృథా. ఇంకో పరిమితి కూడా ఉంది. ఫోల్డర్ మీద ఎవరైనా డిలీట్ నొక్కితే ఎక్స్‌ప్లోరర్ ముందు లోపలి ఫైళ్లను తుడుస్తూ పోయి, చివర్లో ఖాళీ ఫోల్డర్ దగ్గర ఆగుతుంది. జారిన మౌస్ నుంచి కాపాడుతుంది గానీ డిలీట్ కీ నుంచి కాదు. షేర్డ్ డ్రైవ్ మీద డిలీట్ చేసినవి మీ రీసైకిల్ బిన్‌లోకి రావు. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో "ప్రీవియస్ వెర్షన్స్" ట్యాబ్‌లో (పాత కాపీలు దొరికే చోటు) తేదీలు కనబడుతున్నాయో లేదో ఈరోజే చూసుకోండి. ఖాళీగా ఉంటే కంప్యూటర్ సెంటర్‌ను అడగండి.

కాపీకీ కట్‌కీ తేడా ఉంది

పర్మిషన్లు సరిగ్గా పెట్టిన చోట కూడా గందరగోళం ఎక్కువగా ఇక్కడి నుంచే పుడుతుంది. ఫైల్‌ను కాపీ చేస్తే కొత్త ఫోల్డర్ పర్మిషన్లు తీసుకుంటుంది. అదే సర్వర్‌లో ఒకే వాల్యూమ్ (డిస్క్ విభాగం) మీద కట్ చేసి పేస్ట్ చేసినా, లాగి పడేసినా పాత పర్మిషన్లను వెంట తెచ్చుకుంటుంది.

ఆఫీసు ఫోల్డర్ నుంచి టైమ్‌టేబుల్ ఫైల్‌ను లాగి బోధనలో వేశారనుకోండి. అందరికీ పేరు కనబడుతుంది, ఎవరికీ తెరుచుకోదు. ఇది చిన్న సమస్య, వెంటనే ఫోన్ వస్తుంది. తిరగేసి చూడండి: బోధనలో తయారుచేసిన ఇంటర్నల్ మార్కుల ఫైల్‌ను ఆఫీసు ఫోల్డర్‌లోకి లాగారు. అది భద్రంగా ఉందని అందరూ అనుకుంటారు, బోధన గ్రూపుకున్న హక్కు మాత్రం దాని మీద అలాగే ఉండిపోతుంది. దీనికి ఫోన్ రాదు.

అందుకే ఒక ఫోల్డర్ నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు కాపీ చేసి, తెరుచుకుంటోందని చూసి, పాతదాన్ని డిలీట్ చేయండి. ఇప్పటికే లాగేసిన ఫైళ్లుంటే అదే ఫోల్డర్‌లో కాపీ తీసి, పాతది తీసేసి, పేరు సరిచేయండి.

రెండు ప్రత్యేక ఫోల్డర్లు

ల్యాబ్ సమర్పణలు: విద్యార్థి తన ఫైల్ వేయాలి, పక్కవాడిది తెరవకూడదు. ఇన్‌హెరిటెన్స్ ఆపి, అధ్యాపకుల గ్రూపుకు మాడిఫై ఇవ్వండి. విద్యార్థుల గ్రూపుకు "దిస్ ఫోల్డర్ ఓన్లీ" మీద ట్రావర్స్ ఫోల్డర్, లిస్ట్ ఫోల్డర్, రీడ్ ఆట్రిబ్యూట్స్, రీడ్ ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్స్, రీడ్ పర్మిషన్స్, క్రియేట్ ఫైల్స్ మాత్రమే. "క్రియేటర్ ఓనర్" (ఫైల్ వేసిన మనిషి) అనే పేరుకు "సబ్‌ఫోల్డర్స్ అండ్ ఫైల్స్ ఓన్లీ" మీద మాడిఫై. ఫైల్ పేరు హాల్‌టికెట్ నంబరే అయి ఉండాలని చెప్పండి. "అసైన్‌మెంట్ 1" అని ఒకరు వేశాక అదే పేరుతో రెండోవాళ్లు వేస్తే ఎర్రర్ వస్తుంది. గడువు ముగియగానే క్రియేట్ ఫైల్స్ టిక్ తీసి, మొత్తాన్ని అధ్యాపకుల ఫోల్డర్‌లోకి కాపీ చేసి, మార్కులు ఆ కాపీకే వేయండి. అసలు ఫైల్ విద్యార్థి చేతిలో ఇంకా మారగలదు. ఎవరు సమర్పించారో మిగతావాళ్లకు కనబడకూడదంటే ఈ పద్ధతి చాలదు, మూడిల్ (ఆన్‌లైన్ కోర్సుల సాఫ్ట్‌వేర్) వాడండి.

ప్రశ్నపత్రాలు: పర్మిషన్ ఒక్కదాన్నే నమ్మొద్దు. సర్వర్ నిర్వాహకులు ఏ ఫోల్డర్‌కైనా ఓనర్‌షిప్ తీసుకోగలరు, వాళ్ల ఉద్యోగానికి ఆ హక్కు అవసరం. ఫైల్‌కు వర్డ్‌లోనే ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్ పెట్టి, పాస్‌వర్డ్ వేరే దారిలో పంపండి. లేదా పరీక్ష అయ్యేదాకా షేర్డ్ డ్రైవ్ మీద పెట్టనే పెట్టకండి. రెండోదే మేలు.

ఒక చిన్న రంధ్రం: ఫైల్ తయారుచేసిన మనిషి దానికి ఓనర్. ఓనర్‌కు మీరు మాడిఫై మాత్రమే ఇచ్చినా తన ఫైల్ పర్మిషన్లు మార్చుకునే హక్కు ఉంటుంది. అది వద్దనుకునే ఫోల్డర్‌లో "ఓనర్ రైట్స్" అనే ప్రత్యేక పేరును యాడ్ చేసి మాడిఫై ఇవ్వండి. అప్పుడు ఓనర్‌కూ అంతే ఉంటుంది. విండోస్ సర్వర్ 2008 నుంచి ఇది ఉంది.

తరచూ చేసే పొరపాట్లు

"రీడ్ ఓన్లీ" గడి: ప్రాపర్టీస్ మొదటి ట్యాబ్‌లో ఫోల్డర్లకు నల్లటి చతురస్రంతో కనబడుతుంది. దీన్ని తీస్తే సేవ్ అవుతుందని పదేపదే తీస్తుంటారు. మళ్లీ తెరిస్తే మళ్లీ ఉంటుంది. అది పర్మిషన్ కాదు, ఫోల్డర్ విషయంలో దానికి అర్థమూ లేదు. వదిలేయండి.

డినై వాడటం: ఒక మనిషిని ఆపడానికి డినై పెడతారు. ఆ మనిషి ఉన్న గ్రూపుకు పెడితే గ్రూపంతా ఆగిపోతుంది, ఎవ్రీవన్‌కు పెడితే మీరూ ఆగిపోతారు. ఒకే చోట నేరుగా పెట్టిన వాటిలో డినైదే పైచేయి. అయితే ఫైల్ మీద నేరుగా పెట్టిన అలౌ, పైనుంచి దిగివచ్చిన డినైని దాటేస్తుంది. అంటే మీరు ఆపాననుకున్నది ఆగకపోవచ్చు కూడా. హక్కు ఇవ్వకపోవడమే ఆపడం. డినై దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు.

రెండు లాగిన్లు: ఒకే సర్వర్‌కు ఒకే విండోస్ సెషన్ నుంచి రెండు వేర్వేరు యూజర్ పేర్లతో కలవనివ్వదు, 1219 ఎర్రర్ ఇస్తుంది. పరీక్షించడానికి వేరే పేరుతో డ్రైవ్ కలపబోయి ఇక్కడ ఆగిపోతారు. వేరే కంప్యూటర్ వాడండి. పాస్‌వర్డ్ మార్చాక డ్రైవ్ రాకపోతే క్రెడెన్షియల్ మేనేజర్‌లో పాత పాస్‌వర్డ్ మిగిలిందేమో చూసి తీసేయండి.

తెరిచి ఉన్న ఫైల్: "లాక్డ్ ఫర్ ఎడిటింగ్" అన్నది పర్మిషన్ సమస్య కాదు. ఇంకెవరో తెరిచి ఉంచారు. పక్కనే ~$ తో మొదలయ్యే దాచిన ఫైల్ ఉంటుంది. దీనికి పర్మిషన్లు మారిస్తే కొత్త సమస్య తెచ్చుకున్నట్టే.

దారిలో తలుపు లేకపోవడం: లోపలి ఉపఫోల్డర్‌కు హక్కిచ్చి పై ఫోల్డర్‌కు ఏమీ ఇవ్వకపోతే, పూర్తి చిరునామా టైప్ చేసినవాళ్లు మామూలుగా వెళ్లిపోతారు గానీ క్లిక్ చేసుకుంటూ వెళ్లేవాళ్లు మధ్యలో ఆగిపోతారు. పై ఫోల్డర్ మీద "దిస్ ఫోల్డర్ ఓన్లీ"కి రీడ్ అండ్ ఎగ్జిక్యూట్ ఇవ్వండి. "నాకు ఆ ఫోల్డరే కనబడట్లేదు" అంటే మాత్రం సర్వర్‌లో హక్కు లేనివాటిని దాచే ఏర్పాటు ఉందన్నమాట. ఫోల్డర్ పోలేదు, ఆ మనిషికి రీడ్ లేదు.

సరిచూసుకోవడం

ముందు సర్వర్‌నే అడగండి. అడ్వాన్స్‌డ్ కిటికీలో "ఎఫెక్టివ్ యాక్సెస్" ట్యాబ్, సెలెక్ట్ ఎ యూజర్, పేరు ఇచ్చి వ్యూ. ఏది ఉందో ఏది లేదో గుర్తులతో చూపిస్తుంది. షేర్ పర్మిషన్లను ఇది అన్నిసార్లూ లెక్కలోకి తీసుకోదు కాబట్టి దీంతో ఆపొద్దు.

తరువాత మామూలు లాగిన్‌తో కూర్చోండి. మీ లాగిన్‌తో పరీక్షించి "నాకు పనిచేస్తోంది" అంటే ఏమీ తేలదు, మీకు ఫుల్ కంట్రోల్ ఉంది.

1. లోతుగా ఉన్న పాత ఫైల్ ఒకటి తెరవండి. కొత్తగా చేసిన ఫైల్ ఎలాగూ తెరుచుకుంటుంది, పాతవే మొరాయిస్తాయి.
2. దాన్ని మార్చి సేవ్ చేయండి. నోట్‌ప్యాడ్‌తో కాదు, వర్డ్‌తో.
3. కొత్త ఫైల్, కొత్త ఫోల్డర్ చేయండి. పేరు మార్చండి. డిలీట్ చేయండి.
4. ఇంకో సభ్యుడు ఆ కొత్త ఫైల్‌ను తెరిచి మార్చగలుగుతున్నాడో చూడండి.
5. హక్కు లేని లాగిన్‌తో, వీలైతే విద్యార్థి లాగిన్‌తో తెరవబోయి చూడండి. తెరుచుకోకూడదు.

ఐదోది ఎవరూ చేయరు. "యూజర్స్" ఎంట్రీ మిగిలిపోయిందన్న సంగతి తేలేది అక్కడే.

లినక్స్ సర్వర్ అయితే

పరిశోధక బృందాల సర్వర్లలో సమస్య దాదాపు ఎప్పుడూ ఒకటే: ఒకరు చేసిన ఫైల్‌ను ఇంకొకరు మార్చలేకపోవడం. ఫోల్డర్ గ్రూపును బృందం గ్రూపుకు మార్చి, 2770 మోడ్ (లినక్స్‌లో హక్కుల్ని చెప్పే అంకెలు) పెట్టండి. ముందున్న 2 వల్ల లోపల పుట్టే ప్రతిదీ అదే గ్రూపుకు చెందుతుంది. ఇంకా రాకపోతే సభ్యుల యూమాస్క్ (కొత్త ఫైళ్లకు ఏ హక్కులు తీసేయాలో చెప్పే సెట్టింగ్) చూడండి. 022 ఉంటే గ్రూపుకు రాసే హక్కు పోతుంది, 007 కావాలి. అందరికీ అన్ని హక్కులూ ఇచ్చే 777 పెట్టి చేతులు దులుపుకోవద్దు. సర్వర్‌లో లాగిన్ ఉన్న ఎవరైనా మీ డేటాను తుడవగలరు.

తలుపు మూసుకుపోతే

మీరే లోపలికి వెళ్లలేకపోతే, ఓనర్‌షిప్ మార్చమని విండోస్ అడిగినా వెంటనే సరే అనకండి. ఓనర్ మారితే ఎవరి ఫైల్ ఎవరిదన్న ఆనవాలు పోతుంది. కంప్యూటర్ సెంటర్‌కు రాయండి. "డ్రైవ్ పనిచేయట్లేదు" అని రాస్తే తిరిగి నాలుగు ప్రశ్నలు వస్తాయి. రాయాల్సినవి: సర్వర్ పేరుతో సహా ఫోల్డర్ పూర్తి చిరునామా (మీ ఎస్ డ్రైవ్ వాళ్ల కంప్యూటర్‌లో ఎస్ కాకపోవచ్చు), ఎవరి లాగిన్‌తో వస్తోంది, ఏం చేయబోతే వచ్చింది, ఎర్రర్ సందేశం స్క్రీన్‌షాట్, ఏ సమయంలో, చివరిగా ఏం మార్చారు. దానికి దశ 3లో తీసిన స్క్రీన్‌షాట్లు జతచేయండి.